కమాండర్ ఎముకలు తుడిచిన సిద్ర

అరయాత్ కొండ కింద మా ఊళ్లో సిద్ర కాల్చిన బియ్యప్పిండి రొట్టెలు తినని నోరు లేదు. ఆమెను నమ్మిన మనిషీ లేడు.

తిరుగుబాటుదారుల కమాండర్ లావిన్ చెరకు తోటల్లో దాక్కున్నన్నాళ్లూ సిద్రే అన్నం మోసింది. సైనికులు ఆయన్ని అక్కడే కాల్చేశారు. జాడ ఎవరు చెప్పారో తెలియదు. చంపబడినవాడి శవపేటిక మీద మేం కోడిపిల్లను వదులుతాం, అది పొడిచే కొద్దీ హంతకుడి గుండెలో పోటు వస్తుందని. లావిన్ పేటిక మీద వదిలిన కోడిపిల్ల కిందికి దూకి, నేరుగా సిద్ర పావడా అంచు పొడిచింది. అప్పుడే బియ్యం దంచి వచ్చిందేమో, అంచు నిండా నూకలు. అవి ఎవరికి కనబడాలి? ఊరు తీర్పు చెప్పేసింది.

ఇప్పుడు రోజులు మారాయి. లావిన్‌ను దొంగ అన్న నోళ్లే వీరుడంటున్నాయి. మేయర్ సిమెంటు విగ్రహం పెట్టించాడు, ఆయనకెన్నడూ లేని మీసాలతో సహా. అప్పట్లో మేయర్ వాళ్ల నాన్న లారీ సైనికుల వెంట ఎందుకు తిరిగిందో మాత్రం ఎవరూ అడగరు. నాకైతే ఆ విగ్రహానికి వేసే దండల మీద కూడా అనుమానమే.

విగ్రహం కింద పెట్టడానికి ఎముకలు తవ్వి తీశారు. ఆడవాళ్లు సారాతో తుడవాలి. సిద్ర గుడ్డ పట్టుకుని వచ్చింది. మేయర్ మేనత్త కోర్డింగ్ అడ్డం నిలబడింది.

“నువ్వొద్దు సిద్రా. ఊరంతా చూస్తోంది.”

“ఇన్నేళ్లుగా చూస్తూనే ఉందిగా వదినా. ఒక్కసారి తుడవనీ. వాడికి అన్నం పెట్టిన చెయ్యి ఇది.”

“ఆ చేత్తోనే పట్టించావని కదా గొడవ.”

సిద్ర గుడ్డను ఎముకల పెట్టె అంచున పెట్టింది. “సరే, నేను తప్పుకుంటా. ద్రోహి చెయ్యి తగిలితే ఎముక నల్లబడుతుందంటారుగా. ఏ పాపం ఎరగనివాళ్లు ఎవరో ఒకరు వచ్చి తుడవండి.”

కోర్డింగ్ తలగుడ్డ సర్దుకుంది. మేయర్ ఫోన్ తీశాడు. ఆ రోజుల్లో సంతలో ఎవరితో ఏం వాగానో గుర్తు తెచ్చుకుంటూ నేనూ అక్కడే ఉండిపోయాను. ఒక్క కాలు కదిలితే ఒట్టు.

సిద్ర మోకాళ్ల మీద కూర్చుని పుర్రెను ఒళ్లోకి తీసుకుంది.

“ఎంత తేలికైపోయావురా” అంటూ మెల్లగా తుడిచింది.

నాకు ఏడుపొచ్చింది. ఎముక తెల్లగానే ఉంది. అప్పుడు మేం ఒకరి మొహం ఒకరం చూసుకోవడం మొదలుపెట్టాం.