మామ చేతికిచ్చిన చిన్న రైఫిల్

మొన్న మా చెల్లెలి మనవడు పోచారంలోని ఆఫీసు నుంచి తిన్నగా నాచారంలోని మా ఇంటికి వచ్చి, కూర్చోకముందే ఫోను నా ముఖం ముందు పెట్టాడు. పరాయి దేశాల్లో పెద్ద జంతువులను వేటాడే కొత్తవాళ్లు ఏ బోరు, అంటే ఎంత వెడల్పు గొట్టమున్న రైఫిల్ కొనాలో అందులో పట్టికలు కట్టి చూపిస్తున్నారు. వాడు గురి నేర్చుకునే క్లబ్బులో కొత్తగా చేరాడు లెండి. "తాతా, అన్నిట్ల పెద్దదే మంచిగుంటది గదా?" అన్నాడు. ఇరవై ఏళ్ల వయసులో నేనూ అచ్చం అంతే వెర్రివాణ్ణి.

వేటకు సర్కారు పర్మిట్లు ఇచ్చే రోజులవి. పీర్జాదిగూడలో పోలీసు పటేలుగా ఉన్న మా మేనమామ దగ్గర లైసెన్సున్న రైఫిళ్లు రెండుండేవి, చిన్నది త్రీ ఫిఫ్టీన్ బోరు, పెద్దది ఏనుగునైనా పడగొట్టే త్రీ సెవెంటీఫైవ్. తొలిసారి నన్ను కణుజు వేటకు, అంటే గుర్రమంత ఎత్తుండే పెద్ద దుప్పి వేటకు తీసుకెళతానన్నాడు. పెద్ద రైఫిలే పట్టుకుంటానని బావలందరి ముందు కోతలు కోశాను. చిన్నది పట్టుకుంటే వాళ్లు జన్మంతా ఆటపట్టించేవారు.

బయలుదేరే ముందు రోజు మామ నన్నొక్కణ్ణే ఉప్పల్ అవతలి గుట్టల్లోకి తీసుకెళ్లి, పెద్దదాన్ని తానే నింపి ఇచ్చి, బండ మీది కుండను కొట్టమన్నాడు. మొదటి దెబ్బకే భుజం ఊడినంత పనైంది. మళ్లీ నింపి ఇచ్చాడనుకున్నాను. ఈసారి మీట నొక్కితే టక్కుమందే గాని పేలలేదు, అయినా నా కళ్లు మూసుకుపోయాయి, గొట్టం జానెడు కిందికి వంగింది. లోపల తూటానే లేదు, మామ కావాలనే పెట్టలేదు.

"పేలకముందే బెదిరినవ్ అల్లుడా," అన్నాడు మెల్లగా. "గిట్ల గొడితే పొట్టల తాకుతది. పాపం అది మూడు దినాలు తిరిగి తిరిగి సస్తది. నీకు చిన్నదే సరిపోతది."

సిగ్గుతో చచ్చిపోయాను. తెల్లారి జీపెక్కుతుంటే, పెద్ద రైఫిల్ ఏదని పెద్దబావ అడగనే అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మామ, దాని తూటాలు తడిసినయని ఎంత మామూలుగా చెప్పాడని! ఆయన నోట అబద్ధం నేనంతకు ముందు వినలేదు.

అడవిలో ఒక కణుజు పొదలోంచి వచ్చి నిలబడింది. ఆ కొమ్ములు, మెడ కింద ఆ జూలు, ఆ నిలకడ, అంతటి ప్రాణిని మళ్లీ నేను చూడలేదు. చేతిలో చిన్న రైఫిల్ కదల్లేదు. తూటా ముందుకాలి వెనక తగిలి, అది నాలుగడుగులు వేసి ఒరిగిపోయింది. మామ మోకాళ్ల మీద కూర్చుని, సీసాలోని నీళ్లు దాని నోట్లో పోసి, నా చేయి లాగి దాని మెడ మీద పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది. నాకు ఏడుపొచ్చింది, ఆయన వద్దనలేదు.

ఇప్పుడు వేట నిషేధం, మంచిదే అయింది. ఆ గుట్టల చోట అపార్టుమెంట్లు లేచాయి, అదీ సరే. ఇప్పటి పిల్లలకు చెప్పేవాళ్లూ బోలెడుమంది. కానీ మన భయం మనకంటే ముందే కనిపెట్టి, అది నలుగురిలో బయటపడకుండా అబద్ధమాడి తన నోరు పాడుచేసుకునే పెద్దమనిషి మన తరానికి ఇంటికొకరైనా ఉండేవారు. ఈ మనవడికి అలాంటివాణ్ణి నేనే కావాలి కదా అని, వాడు ఫోను చూపిన ఆ రోజు నుంచి దిగులుగా ఉంది.