బొగ్గు ఊళ్లో డిసెంబరాలు

మా కనకమ్మ పెద్దమ్మ ఇక లేదు. ఇల్లందు నుంచి తమ్ముడు ఫోన్‌లో ఆ మాట చెబితే, ఏన్కూరు బడి వరండాలో నిశ్చేష్టురాలినై నిలబడిపోయాను. మొన్న ఆదివారమే కదా, "ఏందే, గింత బక్కగైనవ్" అని కసిరింది. ఇంతలోనే అస్తమయమంటే మనసు ఒప్పుకోదు.

ఆమె మా అమ్మకు అక్క. బొగ్గు గనిలో పనిచేసే పెదనాన్న చిన్న వయసులోనే పోతే, పెరటి మొక్కలే ఆమెకు సంసారమయ్యాయి. ఊరంతా చలికి ముడుచుకున్న వేళ ఆ పెరడు చూసి తీరవలసిందే. ఊదా డిసెంబరాలు, తెల్ల చామంతులు శివరాత్రి దాకా విరగబూసేవి.

బొగ్గు దుమ్ముకు తెల్ల చామంతి సాయంత్రానికల్లా బూడిద రంగుకు తిరిగేది. పెద్దమ్మ పొద్దున్నే చెంబుతో నీళ్లు పోసి ఒక్కో పువ్వునూ కడిగేది. ఇదేం చాదస్తమని నేను నవ్వితే, "డ్యూటీ దిగిన మనిషికి తానం పోస్తం. పువ్వుకు పోయొద్దా?" అనేది. బస్సుకు వెళ్లే ఆడవాళ్లను పిలిచి మరీ మూరెడు పూలిచ్చేది. తాను మాత్రం పెట్టుకునేది కాదు.

నా భర్త పోయినప్పుడు నా పూలూ తీసేశారు. చుట్టాలంతా వెళ్లిపోయాక పెద్దమ్మ బస్సెక్కి వచ్చింది, తడిగుడ్డలో డిసెంబరాల మాలతో.

"ఇటు తిరుగు."

"వద్దు పెద్దమ్మా, ఎవరన్న చూస్తే..."

"చూడనియ్. చిన్నప్పుడు నీకు జడేసి పూలు పెట్టింది నేను. వాళ్లు తీసేస్తే ఏంది, మళ్ల పెడ్త."

"మరి నీకు?"

"నాకు తీసిండ్రు. మళ్ల పెట్టేటోళ్లు రాలె."

నా దుఃఖం కట్టలు తెంచుకుంది. మాలను రెండుగా తుంచి, సగం ఆమె నెరిసిన కొప్పులో పెట్టాను. పెద్దమ్మ అద్దం అడిగింది.

ఆనాటి నుంచి ప్రతి చలికాలమూ ఆమె నాకు, నేను ఆమెకు. ఎవరైనా మూతి తిప్పితే, "మీ పని మీరు చూసుకోండ్రి" అని కడిగేసేది. చివరి స్నానమయ్యాక కూడా నేనే పెట్టాను.

ఆ వాత్సల్యమూర్తికి అక్షరాంజలి ఘటించే శక్తి నాకెక్కడిది? ఈ ఉదయం ఆమె పెరట్లో డిసెంబరాలు నిండుగా పూశాయి. దుమ్ము కడిగి, కోసి, మాల కట్టి, అలవాటు కొద్దీ రెండుగా తుంచాను. ఒక సగం నేనే వంకరటింకరగా పెట్టుకున్నాను. రెండో సగం ఇంకా చేతిలోనే ఉంది. ఎవరికి పెట్టను, పెద్దమ్మా?