గది ఇప్పుడే ఇచ్చేశాం

నా చిన్నప్పుడు బందరులో మా వీధి పెద్దలకి కోపం తెప్పించడం చాలా సులువు. కోపం రావలసిన విషయం ఎక్కడో దూరాన ఉంటే చాలు. ఎంత దూరమైతే అంత కోపం. ఈ సంగతి నాకు పదేళ్ళ వయసులో ఒకే రోజున, పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య తెలిసింది. ఇప్పుడు డెబ్బై దాటాయి. 

నేను డైరీ రాయడం ఆ మరుసటి ఏడు మొదలుపెట్టాను కాబట్టి ఆ రోజు నా డైరీలు వేటిలోనూ లేదు. అందుకని కళ్ళారా చూసిందీ చెవులారా విన్నదీ మాత్రమే రాస్తాను. తరవాత ఒకరు చెప్పగా తెలిసిందైతే ఆ మాటా చెబుతాను.

మా పక్కింటి బాబాయి మాకు చుట్టం కాదు. వరసలు కలుపుకుని పిలుచుకోవడమే. ఆయన లండనులో మూడేళ్ళు చదువుకుని వచ్చి మా ఊరి కాలేజీలో చరిత్ర చెప్పడానికి కుదిరారు. ఓడ దిగి ఇంటికి వచ్చిన రోజున వాళ్ళమ్మగారు పురోహితుణ్ణి పిలిపించి, సముద్రం దాటిన దోషానికి ప్రాయశ్చిత్తం చేయించి, అప్పుడుగానీ వంటింటి గడప తొక్కనివ్వలేదు. ఆవిణ్ణి మేమందరం మామ్మగారు అనేవాళ్ళం. బాబాయి నవ్వుతూనే అన్నీ చేశారు. "ఇంగ్లండులో పార్లమెంటు, ఇక్కడ మా అమ్మ. ఆ పార్లమెంటులో అయితే ఎదురు మాట్లాడొచ్చు" అన్నారు మా తాతయ్యతో.

సాయంత్రాలు మా అరుగు మీద చేరి ఆయన లండను కబుర్లు చెప్పేవారు. అక్కడ గది వెచ్చగా ఉండాలంటే గోడకున్న పెట్టెలో నాణెం వెయ్యాలట. నాణెం అయిపోగానే, చదువుతున్న వాక్యం సగంలో ఉండగా మంట ఆరిపోయేదట. అమ్మ పంపిన ఆవకాయ జాడీ మూత తీస్తే, ఇంటావిడ మేడ మీద ఏదో చచ్చిందనుకుని కిటికీలన్నీ తెరిచిందట. పక్కబల్ల దగ్గర చదువుకునే తెల్లకుర్రాడు చరిత్ర గురించి గంటలు గంటలు వాదించి, వీధిలో ఎదురైతే మాత్రం తల పక్కకి తిప్పుకునేవాడట. మేం నవ్వేవాళ్ళం, ఆశ్చర్యపోయేవాళ్ళం. కానీ పెద్దలు మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకున్నది ఒకటే కథ, ఆయన గది వెతుక్కున్న కథ.

కిటికీలో 'గది అద్దెకు ఇవ్వబడును' అని అట్ట వేలాడుతూ ఉంటుంది. తలుపు కొడితే ఇంటావిడ వస్తుంది, మొహం చూస్తుంది, ఎంతో మర్యాదగా "అయ్యో, గది ఇప్పుడే ఇచ్చేశామండీ" అంటుంది. మర్నాడు అటు వెళ్తే అట్ట అక్కడే ఉంటుంది. అనుమానం తీరక బాబాయి ఒకనాడు తన వెనకే ఒక తెల్లస్నేహితుణ్ణి అదే ఇంటికి పంపారట. అతనికి గది వెంటనే ఇచ్చారు, పైగా టీ కూడా ఇచ్చారు.

మా తాతయ్య కలెక్టరు కచేరీలో తలపాగా చుట్టుకుని, దొరల ముందు నిలబడి పనిచేసి రిటైరైన మనిషి. ఆ కథ విన్నప్పుడల్లా ఊగిపోయేవారు. "చదువుకోవడానికొచ్చిన పిల్లాడితో అబద్ధమా! ఆ నోరు పడిపోను! గది ఇవ్వాల్సింది మనిషిని చూసా, మొహం చూసా?" అనేవారు. చుట్టూ ఉన్నవాళ్ళు "అంతే కదండీ మరి" అనేవారు. ఆ కోపం చూసి మా తాతయ్య ఎంత న్యాయమైన మనిషో అని నేను గర్వపడేదాన్ని.

మా ఇంటికీ ఒక వీధి గది ఉండేది. వీధిలోకి దానికి వేరే తలుపు. ఏటా కాలేజీ తెరిచే ముందు గుమ్మానికి అట్ట కట్టి, ఎవరో ఒక విద్యార్థికి అద్దెకిచ్చేవాళ్ళం. తాళంచెవి తాతయ్య జంధ్యానికి కట్టి ఉండేది.

ఆ రోజు పొద్దున నేను అరుగు మీద గోంగూర తుంచుతున్నాను. ఉతికిన తెల్లపంచె కట్టుకున్న ఒక విద్యార్థి వచ్చి, చెప్పులు మెట్ల కింద విడిచి నిలబడ్డారు. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. అయినా ఆయన అనే రాస్తాను. ఆ మర్యాద మా ఇంట్లో అప్పుడు జరగలేదు.

"ఏ ఊరు నాయనా మనది?" అన్నారు తాతయ్య నవ్వుతూ.

"దివిసీమండీ. అవనిగడ్డ పక్కన."

"నాన్నగారేం చేస్తారు?"

"మా పేటలోనే మిషను బడి పంతులండీ."

ఆ బడి ఏ పేటలో ఉంటుందో తాతయ్యకి తెలుసు. అంటరానివాళ్ళంటూ మావాళ్ళు ఎవరిని దూరంగా నిలబెట్టేవారో, వాళ్ళ పేట. తాతయ్య మొహంలో నవ్వు చెదరలేదు. నాకు బాగా గుర్తున్నది అదే.

"అయ్యో, గది ఇప్పుడే ఇచ్చేశాం నాయనా."

నాకు అర్థం కాలేదు. "ఎప్పుడిచ్చారు తాతయ్యా? తాళంచెవి మీ జంధ్యానికే ఉందిగా" అన్నాను. తాతయ్య కంటితో నా నోరు మూయించారు. ఆ విద్యార్థి నన్ను చూశారు, తాళంచెవిని చూశారు. "చిత్తమండీ" అని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం గుడివాడ నుంచి ఇంకో అబ్బాయి వచ్చాడు. అవే ప్రశ్నలు. జవాబులు మావాళ్ళకి నచ్చినవి. ఇంటిపేరు చెప్పగానే ఎక్కడో చుట్టరికం కూడా కలిసింది. లోపలి నుంచి మజ్జిగ వచ్చింది. జంధ్యం మీది తాళంచెవి విప్పుతూ తాతయ్య అడిగారు: "సామాను ఎప్పుడు తెచ్చుకుంటావురా అబ్బాయ్?"

సాయంత్రం అందరూ అరుగు మీద ఉండగా బాబాయి వచ్చారు. ఆయన వెనక రేకు పెట్టెతో పొద్దుటి విద్యార్థి వచ్చి మెట్ల దగ్గర ఆగారు. బాబాయి కూర్చోకుండానే, "పెదనాన్నగారూ, ఇవాళ లండను కథ ఇంకోసారి చెప్పనా?" అన్నారు. చెప్పారు. తాతయ్యకి ఎప్పటిలాగే కోపం వచ్చింది. నోరు పడిపోను అన్నారు, మనిషిని చూసా మొహం చూసా అన్నారు. అందరూ తలలూపారు.

"ఇప్పుడు ఊరి పేరు మారుస్తాను" అన్నారు బాబాయి. "ఊరు బందరు. గది మీ వీధి గది. పొద్దున వచ్చిన ఈ అబ్బాయి, మధ్యాహ్నం వచ్చిన గుడివాడ అబ్బాయి, ఇద్దరూ నా విద్యార్థులే. ఇద్దర్నీ నేనే పంపాను. ఆ నోటికేం కావాలో మీరే చెప్పండి."

అరుగు అంతా లేచింది. "దానికీ దీనికీ పోలికరా? అది పొగరు, ఇది ఆచారం" అన్నారు తాతయ్య. "బావి ఉంది, మడి ఉంది, ఇంట్లో ఆడవాళ్ళున్నారు!" ఎదురింటాయన చేతికర్ర నేలకేసి కొట్టి, "సీమకెళ్ళి చదివింది మా నోట్లో గడ్డి పెట్టడానికా?" అన్నారు. బాబాయి మాటకి మాట అప్పచెబుతున్నారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. గెలుస్తున్న మనిషి కళ్ళు అవి. నేనూ ఆయన పక్షానే ఉన్నాను.

అప్పుడు మెట్ల దగ్గర నుంచి ఆ విద్యార్థి గొంతు వినిపించింది. పెద్దగా లేదు.

"మాస్టారూ, మీరు నన్ను గది కోసం పంపారనుకున్నానండీ."

"నీ కోసమేనయ్యా ఇదంతా. వీళ్ళకి బుద్ధి రావాలని..."

"బుద్ధి వీళ్ళకి. చెప్పులు విడిచి నిలబడింది నేను. అక్కడ గది ఇవ్వరని మీకు తెలీక వెళ్ళి అడిగారు. ఇక్కడ ఇవ్వరని తెలిసే నన్ను పంపారు. ఎల్లుండి కాలేజీ తెరుస్తున్నారండీ. మిషను హాస్టల్లో చోటు లేదు. నాక్కావలసింది గది. కథ కాదు."

ఆయన ఒక్క అడుగు ముందుకు వేశారు.

"మీ మేడ గది ఖాళీగానే ఉందంట కదా మాస్టారూ. ఇస్తారా అండీ?"

బాబాయి పక్కింటి వైపు చూశారు. మామ్మగారు సందెదీపం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఏమీ అనలేదు. అనవలసిన అవసరం ఆ ఇంట్లో ఆవిడకి ఎప్పుడూ రాలేదు. లండనులో మూడేళ్ళు చదివి, రోజూ మా అరుగు మీద దొరసానుల్ని కడిగేసిన మనిషి, ఇటు తిరిగి నేల చూస్తూ, "అమ్మతో ఒక మాట... రెండు రోజులు ఆగితే..." అన్నారు.

"ఇప్పుడే ఇచ్చేశామని అనేయండి మాస్టారూ. మర్యాదగా ఉంటుంది" అన్నారు ఆ విద్యార్థి. పెట్టె భుజానికెత్తుకుని వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయారు. ఎవ్వరూ పిలవలేదు.

అప్పుడు మా తాతయ్య నవ్వారు. నిజంగా హాయిగా, గండం గడిచినవాడిలా నవ్వి, "ఇంతేనా నీ లండను చదువు? రా, కూర్చో" అని బాబాయికి చాప జరిపారు. బాబాయి కూర్చున్నారు.

గుడివాడ అబ్బాయి సంగతి తెలిసీ మర్నాడే సామాను తెచ్చుకున్నాడు. నాటకానికి వచ్చినవాడికి నిజం గది దొరికింది. రెండేళ్ళు ఉన్నాడు, పొద్దున్నే లేచి పాఠాలు పైకి చదివేవాడు. ఆ గొంతు వినిపించినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. దివిసీమ విద్యార్థి ఆ ఏడు కాలేజీలో చేరలేదని బాబాయే మా నాన్నతో చెప్పగా విన్నాను. తరవాత ఆయన ఏమయ్యారో నాకు తెలియదు. తెలిసినట్టు ఏదో ఒక మంచి ముగింపు కల్పించి రాయడం నాకు చేతకాదు. బాబాయి లండను గది కథ మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. మేడ గదిలో మామ్మగారు చింతపండు కుండలు పెట్టించింది.

తాతయ్య మీద కోపం నాకు ఆయనతోనే పోలేదు. అయితే బాబాయి మీద కోపం అంతకంటే పెద్దది. తాతయ్యకి తను చేసింది తప్పని తెలియదు. బాబాయికి ఆ తలుపు మొహం మీద మూసుకుంటే ఎలా ఉంటుందో తెలుసు. తెలిసినవాడు తన ఇంటి తలుపు తియ్యడానికి రెండు రోజులు అడిగాడు. ఆ రెండు రోజులు ఇప్పటికీ పూర్తి కాలేదు.

నేను బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాక గుడివాడలో ఇల్లు కట్టుకున్నాను. దానికీ ఒక వీధి గది ఉంది. మా చుట్టాల్లో కొందరు ఆ గది వల్ల మా ఇంట్లో మంచినీళ్ళు తాగరు. విదేశాల్లో మనవాళ్ళకి జరిగే అవమానాలు పేపర్లో చదివి మండిపడేది కూడా వాళ్ళే. పక్క వీధుల్లో వాళ్ళ ఇళ్ళకీ గదులున్నాయి. నేను అడుగుతూనే ఉంటాను, వాళ్ళు మాట మారుస్తూనే ఉంటారు.

నా గది తలుపు కొట్టినవాళ్ళని ఏ ఊరని అడగను, తండ్రి ఏం చేస్తాడని అడగను. సామాను ఎప్పుడు తెచ్చుకుంటారని అడుగుతాను. అలా అడిగిన ప్రతిసారీ ఒక రేకు పెట్టె బందరు వీధి మలుపు తిరుగుతూ కనిపిస్తుంది. కోపం మళ్ళీ మొదటికి వస్తుంది.

రానీ.