ఉర్దూలో వేయించని ఒక్క పేరు

మొన్న ఆబిడ్స్‌లో ఆటవస్తువుల దుకాణంలో నలుగురి ముందు గొంతు చించుకుని అరిచి వచ్చాను, ఆ వేడి ఇంకా తగ్గలేదు కనుక నా ఈడువాళ్ళైన మీకైనా చెప్పుకుంటే తప్ప మనసు కుదుటపడదు. మా మనవరాలి బడిలో త్రోబాల్ జట్టుకు జెర్సీలు తయారుచేయిస్తున్నారు. వీపు మీద తన పేరు తెలుగులో ఉండాలని ఆ పిల్ల ముచ్చటపడింది, వాళ్ళ నానమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని దిద్దించిన మొదటి మాట అదే మరి. కంప్యూటరుంది, ఏ లిపైనా నిమిషంలో అచ్చయిపోతుందని దుకాణం అతనే అన్నాడు. ఆటల టీచరమ్మ మాత్రం ఫోన్లోంచి తలెత్తకుండా, "అందరిది ఇంగ్లీషే సార్, టీం అన్నంక ఒక్క తీరుగ ఉండాలె గద" అనేసింది. పిల్ల మొహం చిన్నబోయింది, నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చిందల్లా అనేసి, దాని చెయ్యి పట్టుకుని మొజంజాహీ మార్కెట్టు దాకా నడిపించాను. అది ఐస్‌క్రీము తింటున్నంతసేపూ పక్కన సణుగుతూనే ఉన్నాను. అక్కడ తట్టింది నాకు, టీచరమ్మ అన్న మాట అక్షరాలా ఒకప్పుడు నేనన్నదేనని.

నాంపల్లి ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, సాయంత్రం ఐదు కాగానే ఫైళ్ళు కట్టేసి, ప్యాంట్లు మడిచి, వెనకాల మట్టి కోర్టులో వాలీబాల్‌కు దిగిపోయే గుమాస్తాలం మనం. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి, కోస్తా నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబంవాణ్ణి, తెలుగంటే నా సొంత ఆస్తన్నట్టు తిరిగేవాణ్ణి. ఆ ఏడాది ఆఫీసుల పోటీలకు జెర్సీలు కుట్టించే పని నాకు అప్పగించారు. ఆబిడ్స్ సందులో ఒక దర్జీ ఫెల్టు గుడ్డతో అక్షరాలు కత్తిరించి కుట్టేవాడు, ఏ భాషైనా సరే సుద్దతో రాసిస్తే చాలు. సగంమంది ఇంగ్లీషే అందమన్నా, వాదించి, వెక్కిరించి, తెలుగుకు ఒప్పించాను.

మా జట్టులో స్మాష్ కొట్టే అన్న ఒకాయన ఉండేవాడు, నాకంటే పదేళ్ళు పెద్ద, తెలంగాణ పల్లె నుంచి వచ్చి కాచిగూడలో కిరాయికి ఉండేవాడు. ఆయన తండ్రి ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, నిజాం కాలపు బడిలో చదివింది ఉర్దూ, చదవగలిగింది అదొక్కటే. కొడుకు ఆడే ప్రతి ఆటకూ కాచిగూడ నుంచి నడిచి వచ్చేవాడు. ఆ అన్న నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "తమ్మీ, నా ఒక్కని పేరు ఉర్దూల ఏయించు. మా నాయినకు గదే చదువొస్తది." జట్టంటే అందరిదీ ఒకేలా ఉండాలన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది, తెలుగువాడివై ఉండి ఇదేం కోరికని కూడా అన్నాను. ఆయన బంతి తీసుకుని కోర్టులోకి వెళ్ళిపోయాడు.

పోటీ రోజున కొత్త జెర్సీలు తొడుక్కుని నిలబడ్డాం. ముసలాయన వచ్చి, కొడుకును వెనక్కి తిప్పి, వీపు మీది అక్షరాలను వేళ్ళతో తడిమి, పక్కనే ఉన్న నన్నే అడిగాడు. "ఏమని రాసిన్రు బిడ్డా గీడ? జర చదివి చెప్పు." చదివి చెప్పాను. మావోని పేరేనా, మంచిగున్నదని నవ్వాడు. తన కడుపున పుట్టినవాడి పేరును, తను పెట్టిన పేరును, ఇరవై రెండేళ్ళ నాచేత చదివించుకోవలసి వచ్చింది ఆయనకు. ఇది తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఇప్పుడా దర్జీ లేడు, ఆ మట్టి కోర్టులో కార్లు నిలుపుతున్నారు. అప్పుడు ఒక్కో అక్షరానికీ కత్తెర పట్టి గంటసేపు కూర్చోవలసి వచ్చేది, ఇప్పుడు మీట నొక్కితే చాలు, అయినా పిల్ల అడిగింది వేయడానికి మనసు రాదు వీళ్ళకు. టీచరమ్మ మీద కోపం పోయిందని అబద్ధమాడను. కాని ఆవిణ్ణి ఇంకా ఏ ముసలాయనా ఎదురుగా నిలబడి అడగలేదు. నన్ను అడిగాడు. ఆ తరువాత కూడా రెండేళ్ళు ఆడాం అవే జెర్సీలతో, అప్పుడు ఆబిడ్స్ సందులో దర్జీ అక్కడే ఉన్నాడు, ఆ ఒక్క పేరు మార్పించడానికి నేను వెళ్ళలేదు.