శనివారం నుంచి బుధవారం దాకా

పొద్దున వార్డులోకి వస్తూనే, భుజాన సంచి ఇంకా దించకముందే, ఆమె టీకాల ఫ్రిజ్ తలుపు అరచేతి వెడల్పున తెరిచి, లోపలి థర్మామీటరు చూసి, చటుక్కున మూసేస్తుంది. చల్లదనం బయటికి పోకూడదు. ముప్పై ఏళ్ళుగా ఆమె కాన్పుల వార్డులో నర్సు. దూది కూడా గిల్లి గిల్లి వాడుతుందని ఆయాలు ఆమెకు పొదుపు సిస్టర్ అని పేరు పెట్టారు. “సబ్బడిగితే నురగ ఇస్తుందే తల్లీ” అని వెనకాల నవ్వుకునేవాళ్ళు. ఆమెకు కోపం రాకపోగా లోలోపల గర్వంగానే ఉండేది.

హెపటైటిస్ బి టీకా సీసాలో పదిమంది పసివాళ్ళకు సరిపడా మందుంటుంది. ఒక్కరి కోసం సీసా తెరిస్తే మిగతాది సాయంత్రానికి పారబోయాలి కదా అనుకునేది. అందుకే టీకాల రోజైన బుధవారం దాకా ఆగి, పోగైన పిల్లలందరికీ ఒకేసారి వేసేది. ఆమె చేతిలో మందు వృథా కాదని పెద్ద డాక్టరు నలుగురిలో మెచ్చుకునేవాడు.

నిరుడు ఈ ప్రాంతంలో ఆ కాలేయపు జబ్బు ఎంతమందికి ఉందో తెలుసుకోవాలని ఆరోగ్య శాఖ వాళ్ళు బడిపిల్లల రక్తం పరీక్షించారు. ఆమె తమ్ముడి కొడుకు రక్తంలో వైరస్ బయటపడింది. ఏడేళ్ళవాడు, ఇంట్లో అంతా పిడుగు అంటారు. ఆ తర్వాత వాడి తల్లికి పరీక్ష చేస్తే తనకూ ఉందని తేలింది. చూడ్డానికి ఇద్దరికీ ఏ నలతా లేదు.

ఆ సంగతి తెలిసిన ఆదివారం ఆమె తమ్ముడింటికి వెళ్ళేసరికి, అమ్మ వంటింట్లో రెండు పళ్ళేలూ రెండు గ్లాసులూ విడిగా ఓ మూల బోర్లిస్తోంది. మరదలు గోడకు ఆనుకుని నేలచూపులు చూస్తోంది.

“ఇదేంటమ్మా?”

“వాళ్ళవి వాళ్ళకే. ఎక్కణ్ణుంచి తగిలించుకొచ్చిందో మహాతల్లి, పసివాడికి అంటగట్టింది.”

“పళ్ళేల వల్ల అంటదే. పక్కన కూర్చుని తిన్నా అంటదు. మిగతావాళ్ళం పరీక్ష చేయించుకుని టీకాలు వేయించుకుంటే చాలు.”

“నీ నర్సు చదువు ఆసుపత్రిలో చూపించు. నా మనవడి సంగతి నాకు తెలుసు.”

తమ్ముడు పేపర్లోంచి తలెత్తలేదు. పిడుగు పరుగున వచ్చి, “అత్తా, నా గ్లాసు ఎవ్వరూ ముట్టుకోకూడదంట. నేను రాజుని!” అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

ఆమె వెళ్ళబోతుంటే మరదలు గేటు దాకా వచ్చింది.

“వదినా, నిజం చెప్పు. నా వల్లేనా?”

ఆమె భుజాన సంచి సర్దుకుంది. “నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మ దగ్గర్నుంచి నీకు వచ్చుంటుంది. నీ తప్పేం లేదు” అని నీళ్ళు నమిలి బస్సెక్కేసింది.

మర్నాడు పాత కాన్పుల పుస్తకం తీసింది. తీయకపోయినా గుర్తుంది. పిడుగు పుట్టింది శనివారం మధ్యాహ్నం. “టీకా ఇప్పుడే వేస్తావా అక్కా?” అని తమ్ముడు అడిగాడు. “తొందరేముందిరా, వీడొక్కడి కోసం సీసా తెరవనా? బుధవారం తీసుకురా” అంది తను. తల్లికి జబ్బుంటే బిడ్డకు సోకకుండా ఇరవైనాలుగు గంటల్లోపు పడాల్సిన మందు నాలుగు రోజులకు పడింది.

పక్క ఫైల్లో ఒక సర్క్యులర్ కనిపించింది. ఈ టీకా సీసా తెరిచినా, చల్లగా దాస్తే నాలుగు వారాలు వాడుకోవచ్చు. సాయంత్రానికి పారబోసే నియమం వేరే టీకాలది. పిడుగు పుట్టడానికి ఏడాది ముందు తేదీ. కింద ‘చదివాను’ అని ఆమె సంతకమే. ఆ పుస్తకంలో ఇంకా ఎన్ని శనివారాలున్నాయో చూడటానికి చెయ్యి రాలేదు.

పెద్ద డాక్టరుతో చెప్పింది. “ఆ రోజే వేసి ఉంటే చాలామందిలో ఆగుతుందమ్మా. వీడికి ఆగేదని మాత్రం ఖాయంగా చెప్పలేం” అన్నాడు. ఆ మాటను ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. వారమంతా మరదలు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఆ పై ఆదివారం తమ్ముడింట్లో అందరూ ఉండగా, టీకా ఆలస్యమైంది తన వల్లేనని చెప్పేసింది.

“దాన్ని వెనకేసుకు రావడానికి కథలల్లకు” అంది అమ్మ.

“కథ కాదమ్మా. నేను అడిగాను ఆ రోజు. బుధవారం రమ్మంది అక్క.” తమ్ముడు లేచి, మూలనున్న పళ్ళేలు రెండూ తీసుకెళ్ళి మిగతా వాటిలో పెట్టేశాడు.

మరదలు కళ్ళు తుడుచుకోలేదు. “పోయిన ఆదివారం గేటు దగ్గర అడిగాను వదినా. నీకు అప్పుడే తెలుసు. ఈ వారం రోజులూ నా బిడ్డ పళ్ళెం నేను విడిగా కడిగాను.”

ఇప్పుడు ఆ వార్డులో ఏ బిడ్డ పుట్టినా, ఏ వారమైనా, గంటలోపే టీకా పడుతోంది. సెలవు రోజుల్లో ఆమె పాత పుస్తకంలోని చిరునామాలు పట్టుకుని, ఆలస్యంగా టీకా పడిన పిల్లలను పరీక్షకు పిలవడానికి ఇంటింటికీ తిరుగుతోంది. కొన్నిచోట్ల తలుపు ముఖాన వేస్తారు. పిడుగుకు ఆర్నెల్లకోసారి రక్తపరీక్ష ఉంటుంది. మరదలు వాణ్ణి వేరే ఆసుపత్రికి తీసుకెళుతుంది.