నా గుండెపోటుకి చప్పట్లు

నేను గుండె పట్టుకుని కూలబడుతుంటే ముప్పై మంది చప్పట్లు కొట్టారండీ! నమ్మరా? మీ మీద ఒట్టు. ముందు టీ పొయ్యండి, చెప్తాను. పంచదార వద్దులెండి, ఇప్పుడు నేను బుద్ధిమంతుణ్ణి.

మాది అమలాపురం దగ్గర అని తెలుసుగా. దోహాలో మెసైమీర్ వైపు ఒక బిల్డింగ్ సైట్‌లో సేఫ్టీ ఆఫీసర్‌ని. రోజూ పొద్దున్నే డ్యూటీ మొదలెట్టే ముందు వర్కర్లందర్నీ నిలబెట్టి పది నిమిషాలు జాగ్రత్తలు చెప్పాలి. టూల్‌బాక్స్ టాక్ అంటారు. మిగతావాళ్ళు కాగితం చూసి గొణిగేసి పోతారు. నేనలా కాదు, యాక్ట్ చేసి చూపిస్తాను! అక్కడి మా చర్చి క్రిస్మస్ నాటకంలో విలన్ హేరోదు రాజు వేషం పన్నెండేళ్ళుగా నాదే మరి. వడదెబ్బ టాపిక్ అప్పుడు ధబేల్న పడ్డాను. కరెంట్ షాక్ అప్పుడు గిలగిలా కొట్టుకున్నాను. జనం ఒకటే ఈలలు!

జనవరిలో టాపిక్ గుండెపోటు. మావాళ్ళలో ఎక్కువమంది తెలంగాణ ప్లంబర్లు కదా, పైపు ముక్కలతో మోడల్ కట్టించాను. "చూడండ్రా, గుండె అంటే పంపు. బిల్డింగంతటికీ నీళ్ళు తోసినట్టు ఒళ్ళంతటికీ రక్తం తోస్తుంది. మరి ఆ పంపు కండకి రక్తం ఎవడిస్తాడు? దానికి సొంతంగా సన్న లైన్లున్నాయి. అవే కరోనరీ ఆర్టరీలు. మెయిన్ లైన్ మొదట్లోనే పుడతాయి. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఎడమది మళ్ళీ రెండు. ఒకటి గుండె ముందు నుంచి కిందికి దిగుతుంది, ఇంకోటి చుట్టూ తిరిగి వెనక్కి పోతుంది."

"మరి లోపల గార పడితె?" అన్నాడు రాజన్న. జగిత్యాల వైపు మనిషి, అందరిలోకీ సీనియర్ ప్లంబర్.

"శభాష్! పైపు గోడలో కొవ్వు పేరుకుంటుంది. ఏళ్ళ తరబడి ఏమీ తెలీకపోవచ్చు. ఒకరోజు దాని పైపొర పగులుతుంది. గాయం అయిందనుకుని రక్తం అక్కడ గడ్డకట్టేస్తుంది. లైన్ బంద్! అవతలి కండ చచ్చిపోవడం మొదలు. ఎంత లేటైతే అంత కండ పోతుంది. గ్యాసేలే అని కూర్చున్నవాడు గోవిందా!" అని ఎడమవైపు ముందు లైన్లో ఇంత పుట్టీ ముద్ద కుక్కాను.

అసలు పొద్దున లేచినప్పట్నుంచీ నాకు ఛాతీ బరువుగానే ఉంది. రాత్రి తిన్న బిర్యానీ అనుకున్నాను. పుట్టీ కుక్కుతుండగానే ఎడమ దవడ లాగింది. భుజం లాగింది. ఛాతీ మీద సిమెంటు బస్తా వేసినట్టయింది. అక్కడే కూలబడ్డాను.

చప్పట్లండీ! "మస్తు చేసిండు సార్!" అని ఒకడు, "వన్స్ మోర్!" అని ఇంకొకడు. సిగ్గు విడిచి చెప్తున్నా, అంత నొప్పిలోనూ నాకు కాస్త సంతోషం వేసింది.

రాజన్న ఒక్కడే ముందుకొచ్చి నా మొహంలోకి చూశాడు. "ఆపుండ్రి! గిది యాక్టింగ్ గాదు. గింత సలిల గీ చెమటలేంది? చెమటను గూడ యాక్టింగ్ జేస్తరా ఎవలన్న?"

నేనేమన్నానో తెలుసా? "ఏం లేదు రాజన్నా, గ్యాస్. కార్లో వెళ్ళి సోడా తాగొస్తాను."

"ఇప్పుడే గద సార్, గ్యాస్ అన్నోడు గోవిందా అంటిరి!" అంటూ నా చేతిలో కారు తాళం లాక్కున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏయ్! సేఫ్టీ ఆఫీసర్‌ని నేనా, నువ్వా? నిన్ను సైట్‌లో అడుగు పెట్టనివ్వను!"

"బతికినంక ఆపుండ్రి," అన్నాడు చల్లగా. ఒకణ్ణి అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యమన్నాడు, ఒకణ్ణి సైట్ నర్సు కోసం పరిగెత్తించాడు. నన్ను గోడకి ఆనించి కూర్చోబెట్టి, కదలనిస్తే ఒట్టు. నర్సు వచ్చి మాత్ర నమిలించింది. అంబులెన్స్‌లో మా ఆడపిల్లలిద్దరూ గుర్తొచ్చారండీ. అప్పుడు భయమేసింది. హేరోదు పారిపోయాడు, నేనొక్కణ్ణే మిగిలాను.

హాస్పిటల్‌లో మణికట్టు దగ్గర్నుంచి సన్న తీగ పంపి, మూసుకుపోయిన చోట తెరిచి స్టెంట్ వేశారు. డాక్టర్ స్క్రీన్ చూపించి, "ఎడమవైపు, ముందు దిగే ఆర్టరీ. ఇక్కడ బ్లాక్," అన్నాడు. నేను పడుకునే, "డాక్టర్, నా మోడల్‌లో కూడా కరెక్టుగా అక్కడే పెట్టానండీ!" అని కేక వేశాను. "తొందరగా వచ్చారు కాబట్టి కండ చాలావరకు దక్కింది. ఎవరు తెచ్చారో గానీ దండం పెట్టుకోండి," అన్నాడాయన. స్తోత్రం! గెలిచాం!

నెల తర్వాత డ్యూటీకి వెళ్తే టేబుల్ మీద రిపోర్టు ఫారం ఉంది. సైట్‌లో ఏం జరిగినా అది రాయాల్సింది నేనే. పదిహేనేళ్ళుగా కారణం అన్న చోట నేను రాసేది ఒక్కటే ముక్క, 'వర్కర్ చెప్పిన మాట వినలేదు' అని. ఈసారి 'సేఫ్టీ ఆఫీసర్ తను చెప్పిన మాట తనే వినలేదు' అని రాసి సంతకం పెట్టాను. దాని కింద ఇంకో గడి ఉంటుంది, మళ్ళీ జరక్కుండా ఏం చెయ్యాలి అని. అక్కడ 'రాజన్నని వేరే సైట్‌కి పంపకూడదు' అని రాశాను.