తాళాలాయన ఫోను

‘ఏ సిమ్మైనా పడుతుందా?’ అని అడగడానికి వచ్చిన మనిషి, ఆ ప్రశ్నే మరచిపోయి ఫోను కొనుక్కుని వెళ్ళేవాడు. తాళాలాయన నోటి మహిమ అలాంటిది. ఆ పేరు కన్నవాళ్ళు పెట్టింది కాదు, ఎదురు షాపువాడు పెట్టింది. ఈయన పనిచేసేది ఒక ఫోన్ కంపెనీ సొంత షోరూములో. అక్కడ కొన్న ఫోనుకు తాళం వేసినట్టే, ఆ కంపెనీ సిమ్ము తప్ప ఇంకొకటి పనిచేయదు. వీధికి అవతల ఇరుకు కొట్టులో ఎదురు షాపువాడు ఏ సిమ్మైనా పట్టే ఫోన్లు అమ్ముతాడు. ఈమధ్య జనం అక్కడే ఎగబడుతున్నారు. తాళాలాయన అద్దాల తలుపు వెనక నిలబడి వాళ్ళమీద జాలిపడేవాడు.

మోసగాడా అంటే కాదు. అదే వచ్చిన చిక్కు. తను చెప్పేదంతా అందరికంటే ముందు తనే నమ్మేవాడు. “ఇంటికి తాళం వేసుకోమా అండీ? ఫోనుకీ అంతే!” అనేవాడు. అమ్మకీ, తమ్ముడికీ, అత్తగారికీ, భార్యకీ పట్టుబట్టి ఆ ఫోన్లే కొనిచ్చాడు.

భార్య కడుపుతో ఉన్నప్పుడు ఓసారి అడిగింది.

“వెనక గదిలో సిగ్నల్ రావట్లేదండీ. వేరే సిమ్ము వేస్తే ఈ ఫోను తీసుకోవట్లేదు.”

“కిటికీ దగ్గరికెళ్ళి మాట్లాడు. గాలి కూడా తగుల్తుంది.”

మళ్ళీ అడిగితే కౌంటర్లో చెప్పే ఉపన్యాసమంతా ఇంట్లోనూ అప్పజెప్పాడు. ఆమె ఇంక అడగలేదు. ఒప్పుకుందనుకున్నాడు వెర్రిబాగులవాడు.

నెలలు నిండాయి. మొదటి కాన్పు కావడంతో ఆమె బెదిరిపోతోంది. “నొప్పులు మొదలవగానే ఒక్క ఫోన్ కొట్టు, రెక్కలు కట్టుకుని వాలతా. బిడ్డ పుట్టేటప్పుడు నీ చెయ్యి నా చేతిలోనే ఉంటుంది,” అని మాటిచ్చాడు. అప్పటినుంచి ఫోను చొక్కా జేబులోంచి కదలలేదు.

ఒకరోజు పొద్దున్నే కంపెనీ సిగ్నల్ చచ్చిపోయింది. షోరూములో గోడ నిండా ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారే మూగబోయాయి. జనం వచ్చి మీద పడ్డారు. “ఐదు నిమిషాలండీ, వచ్చేస్తుంది,” అంటూ మధ్యాహ్నం దాకా నెట్టుకొచ్చాడు. మధ్యమధ్యలో భార్య గుర్తొచ్చేది. ఎదురు షాపుకి వెళ్తే ఆసుపత్రికి ఒక ఫోన్ చేసి కనుక్కోవచ్చు. కానీ ఇంతమంది చూస్తుండగా ఆ గడప తొక్కితే పరువేం కాను? పైగా జేబులో ఫోను మోగలేదు కాబట్టి ఏమీ జరగలేదని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. చూశారా ఆ తెలివి!

ఆఖరికి ఎదురు షాపువాడే ఫోను చేత్తో పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“మీ ఆవిడ ఆసుపత్రిలో ఉందయ్యా! నువ్వు దొరకట్లేదని నాకు చేసింది. వెళ్ళు!”

“నీ నంబరు మా ఆవిడకెలా తెలుసు?”

“బాగానే ఉంది! నా దగ్గరేగా ఫోను కొంది!”

తాళాలాయన ఆసుపత్రికి పరుగు తీశాడు. ఎప్పుడు కొంది, ఎందుకు చెప్పలేదు అని దారంతా అదే ఆలోచన.

ఆసుపత్రి వరండాలో తమ్ముడు ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. అత్తగారూ మాట్లాడుతున్నారు. “ఆడపిల్ల! తల్లీబిడ్డా బాగున్నారు!” అని అమ్మ ఫోనులో ఎవరికో గట్టిగా చెబుతోంది. బిడ్డ పుట్టేసింది. లోకమంతటికీ తెలిసిపోయింది. ఈ ముగ్గురి చేతుల్లో ఉన్న ఫోన్లలో ఒక్కటీ తను ఇచ్చింది కాదు.

“అమ్మా, అదెక్కడిది?”

“అందరం ఎప్పుడో కొనుక్కున్నాంరా. నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు. నువ్వు గుమ్మంలోకి రాగానే ఇవి దాచేసి, నువ్విచ్చినవి పట్టుకునేవాళ్ళం.”

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన రచ్చలో ఉపన్యాసాలిస్తుంటే ఇల్లు ఇల్లంతా ఎప్పుడో వీధి దాటేసింది. కోపం తెచ్చుకోవాలన్నా రాలేదు, సిగ్గే వచ్చింది.

లోపలికి వెళ్ళాడు. భార్య అలసిపోయి పడుకుని ఉంది, పక్కన గుడ్డలో చుట్టిన పాప.

“నీ చెయ్యి ఎవరు పట్టుకున్నారు?” అని మెల్లగా అడిగాడు.

“ఈవిడే,” అంటూ మంచం పక్కనున్న నర్సును చూపించింది.

నర్సు నవ్వి, కాగితం తీసింది. “పాప నాన్నగారేనా? మీ ఫోన్ నంబరు చెప్పండి. ఏదైనా అవసరమైతే వెంటనే మీకే చేస్తాం.”

ఆయన నోరు తెరిచాడు.

“అది వద్దమ్మా, దొరకదు,” అంది భార్య. ఆ గొంతులో కోపం లేదు. “నాది రాసుకోండి.”